క్షమించి వదిలేసిన గూఢచారికి ఎనిమిదేళ్ల తర్వాత విషం ఎందుకు?

పాతపేపర్లు:
స్క్రిపాల్ కేసు మళ్లీ చదువుతున్నాను. ఒక్క ముడి మాత్రం విడడం లేదు. సెర్గెయ్ స్క్రిపాల్ రష్యా సైనిక గూఢచార సంస్థలో కల్నల్. బ్రిటన్‌కు రహస్యాలు అమ్మాడని 2006లో 13 ఏళ్ల జైలు వేశారు. 2010లో క్షమాభిక్ష పెట్టి, గూఢచారుల మార్పిడిలో వియన్నా విమానాశ్రయం మీదుగా పంపేశారు. తర్వాత అతని మీద జరిగిన విషప్రయోగం తమ పని కాదంటోంది రష్యా, సరే. బ్రిటన్ మాటే నిజమనుకున్నా, చంపదలచినవాళ్లు జైల్లో ఉన్నన్నాళ్లూ ఊరుకుని, 2018 మార్చి 4న, అదీ తమ అధ్యక్ష ఎన్నికలకు రెండు వారాల ముందు, ఇంగ్లండులో అతను ఉంటున్న సాల్స్‌బరీ దాకా వెళ్లి అతని ఇంటి తలుపు పిడికి నోవిచోక్ అనే నరాల విషం పూయడం ఎందుకు?

నల్లబల్ల:
విషం అతనికి, హెచ్చరిక మిగతావాళ్లకు. తుపాకీతో కాలిస్తే ఏ దొంగో అనుకుంటారు. నోవిచోక్ సోవియట్ ప్రయోగశాలల్లో పుట్టిన సరుకు, పేరు వినగానే ఊరు తెలిసిపోతుంది. ఎన్నికలంటారా, పరాయి దేశాలు మన మీద పడ్డాయంటే అక్కడ ఓట్లు తగ్గవు.

సౌతాంప్టన్ నర్సు:
నల్లబల్ల గారూ, ఈ మాట అందరూ అంటారు. నాకే మింగుడు పడదు. పదకొండేళ్లుగా ఇక్కడ ఎమర్జెన్సీలో పనిచేస్తున్నాను. బెంచీ మీద ఇద్దరు స్పృహ లేకుండా, కనుపాపలు సూదిమొనంత అయి దొరికితే మాకు మొదట తట్టేది మత్తుమందే. ఆ ఆదివారం సాల్స్‌బరీలోనూ మొదట అదే అనుమానించారు. 66 ఏళ్ల మనిషి ఇంట్లో ఒంటరిగా కూలిపోయి ఉంటే గుండెపోటు అనుకునేవారేమో. కూతురు ముందురోజే మాస్కో నుంచి వచ్చింది, ఇద్దరూ కలిసి ఊరి నడిబొడ్డున పడిపోయారు, దాంతో అందరి కళ్లూ అటు తిరిగాయి.

రష్యా నుంచి పారిపోయి బ్రిటన్ చేరిన మాజీ గూఢచారి లిత్వినెంకోనూ చూడండి. 2006 నవంబరు 1న లండన్ హోటల్లో తాగిన టీలో పొలోనియం అనే రేడియోధార్మిక విషం. మామూలు రేడియేషన్ మీటరుకు అందదు. అదేమిటో తేలేసరికి ఆయనకు కొన్ని గంటలే మిగిలాయి. చాటింపు వేయదలచినవాడు డప్పుకు గుడ్డ చుడతాడా?

ఇక స్క్రిపాల్, బ్రిటన్ వచ్చాక కూడా చెక్, స్పెయిన్ గూఢచార సంస్థలవారిని కలిశాడని పత్రికలు రాశాయి. నన్నడిగితే కారణం అక్కడుంది. పాత పగ కాదు, కొత్త పని.

నల్లబల్ల:
లిత్వినెంకో సంగతి ఒప్పుకుంటాను, ఆ కోణం నేను చూడలేదు. మరి సెప్టెంబరులో, స్క్రిపాల్‌కు విషం పెట్టారని బ్రిటన్ చెప్పిన ఆ అనుమానితులిద్దరూ రష్యా టీవీలో కూర్చుని 123 మీటర్ల చర్చి శిఖరం చూడడానికే వెళ్లామన్నారే! మంచు బురదగా ఉందని మొదటి రోజు తొందరగా వెనక్కి వచ్చేశారట. మాస్కో నుంచి వచ్చినవాళ్లు మంచుకు జడవడం! నమ్మించాలనుకునేవాడు అలా అబద్ధమాడడు.

పాతపేపర్లు:
ఆ నోవిచోక్ ఉన్న అత్తరు సీసా మాటేమిటి? అంత లెక్క వేసినవాళ్లు దాన్ని ఊళ్లోనే పారేసి వెళతారా?

సౌతాంప్టన్ నర్సు:
మీ ఇద్దరి లెక్కలకూ లొంగనిది అదే. దొరికినతను కొత్త సీసా అనుకుని తన స్నేహితురాలికి ఇచ్చాడు. ఆమె మణికట్టు మీద చల్లుకుంది. జూలై 8న చనిపోయింది. ఆమెకు స్క్రిపాల్ ఎవరో కూడా తెలియదు.