చెవిలో వేసిన నూనె గొంతులోకి దిగుతుందా?

ప్రశ్న:
మా అబ్బాయికి ఐదేళ్లు. జలుబు చేసినప్పుడల్లా రెండు మూడు రోజులకు అర్ధరాత్రి చెవిపోటంటూ లేచి ఏడుస్తాడు. మా అత్తగారు వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన నూనెను గోరువెచ్చగా రెండు చుక్కలు వేస్తారు. చెవికీ గొంతుకీ దారి ఉంది కనుక అది లోపలిదాకా దిగి జలుబును కరిగిస్తుందని ఆవిడ నమ్మకం. ఆ దారి నిజంగా ఉందా?

జవాబు 1 (జీవశాస్త్ర ఉపాధ్యాయుడు):
దారి ఉన్న మాట నిజమేనండి, కానీ అది మీరు నూనె వేసే వైపు లేదు. చెవిడొప్ప నుంచి లోపలికి పోయే నాళం, పెద్దవారిలో సుమారు 2.5 సెంటీమీటర్లు, కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది. కర్ణభేరి మందం మిల్లీమీటరులో పదో వంతే అయినా, చిల్లు పడనంతవరకు నూనె చుక్కను అవతలికి పోనివ్వదు. దాని వెనుక గాలి నిండిన చిన్న గదే మధ్య చెవి. అందులో కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు ఎముకలు గొలుసుగా ఉంటాయి. అంకవన్నె మన ఒంట్లోకెల్లా చిన్న ఎముక; జీనుకు వేలాడే అంకవన్నెలాగే దానికి రెండు కాళ్లు, ఒక పీట ఉంటాయి. కర్ణభేరి వైశాల్యం ఆ పీటకు దాదాపు 17 రెట్లు కాబట్టి, గాలిలో వచ్చిన బలహీనమైన కదలిక కూడా లోపలి చెవిలోని ద్రవాన్ని కదిపేంత ఒత్తిడిగా మారుతుంది.

మీరడిగిన దారి ఈ గది ముందు గోడలో మొదలై ముక్కు వెనుక, గొంతు పైభాగంలో తెరుచుకుంటుంది. 16వ శతాబ్దపు ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు యూస్టాకీ పేరిట దాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. మామూలుగా మూసుకునే ఉండి, మింగినప్పుడూ ఆవులించినప్పుడూ తెరుచుకుంటుంది. పసిపిల్లల్లో ఇది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉండడం వల్ల ముక్కులోని సూక్ష్మక్రిములు సులువుగా పైకి పాకుతాయి. జలుబుకు నాళం వాచి మూసుకుపోతే గదిలోని గాలి క్రమంగా ఇంకి, కర్ణభేరి లోపలికి గుంజుకుపోయి, ద్రవం ఊరుతుంది. పోటు అక్కడిది, నూనె ఆగేది గోడకు ఇవతల.

ప్రశ్న అడిగినవారు:
మరి నూనె వేసిన కాసేపటికి వాడు నిద్రపోతున్నాడు కదండీ?

జవాబు 2 (చెవి, ముక్కు, గొంతు విభాగంలో నర్సు):
వెచ్చదనానికి కాస్త హాయిగా ఉండవచ్చు. పైగా ఈ పోటు చాలామంది పిల్లల్లో రెండు మూడు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది, ఆ పేరు నూనెకు వస్తుంది. నా భయం వేరు. లోపల చీము ఒత్తిడికి కర్ణభేరి చిల్లు పడితే పోటు ఒక్కసారిగా తగ్గి, చెవి కారుతుంది. ఆ సమయంలో నూనె వేస్తే అది నేరుగా మధ్య చెవిలోకే పోతుంది. వైద్యులు చెవిడొప్పను వెనక్కి లాగి, వంపును సరిచేసి, లైటు వేసి చూస్తారు: ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి ముత్యంలా బూడిదవన్నెలో మెరుస్తుంది, చీము పట్టినది ఎర్రగా ఉబ్బి ఉంటుంది. అది చూడకుండా ఏమీ వేయకండి.

ప్రశ్న అడిగినవారు:
పోయిన నెల ఒక ఉదయం దిండు గలీబు మీద పసుపుపచ్చని మరక కనిపిస్తే నూనె కారిందనుకుని ఉతికేశాను. ఆ రాత్రి వాడు ఏడవకుండా పడుకున్నాడని సంతోషించాం కూడా. రేపు ఉదయమే చూపిస్తాం.