యుగచక్రం బొమ్మలో నాలుగు భాగాలూ సమానమా? 4:3:2:1 ఆ?

మండపం గోడ (మంగళగిరి): పంచాంగశ్రవణం జరిగే మండపం గోడ మీద ఆరడుగుల యుగచక్రం వేయిస్తున్నాం. చిత్రకారుడు నాలుగు సమాన భాగాలు గీసుకొచ్చాడు, ఒక్కోదాంట్లో ధర్మదేవతకి గుర్తుగా ఒక ఎద్దు. కమిటీలో సగం మంది తప్పంటున్నారు. ఎల్లుండి రంగు మొదలుపెడతాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ లెక్కలు: తప్పే. కృతం 17,28,000, త్రేత 12,96,000, ద్వాపరం 8,64,000, కలి 4,32,000 ఏళ్ళు. వెరసి 43,20,000. కోణాల్లో 144, 108, 72, 36. గోడ మీద కోణమానినితో కుస్తీ పట్టక్కర్లేదు. మేకుకి మూడడుగుల పురికొస కట్టి వృత్తం గీయండి. 22¼ అంగుళాల బద్దని అంచు నుంచి అంచుకి తిన్నగా పెట్టుకుంటూ పోతే సరిగ్గా పది గుర్తులొస్తాయి. నాలుగు, మూడు, రెండు, ఒకటి పంచుకోండి. చుట్టుకొలతని పదితో భాగిస్తే వచ్చే 22.6 అంగుళాలు మాత్రం వాడొద్దు, అది వంపు కొలత. బద్దగా కోసి పెడితే పదోసారికి దాదాపు నాలుగంగుళాలు దాటిపోతుంది.

సంధ్య, సంధ్యాంశం, అంటే యుగానికి ముందూ వెనకా వచ్చే సంధికాలాలు కూడా చూపించండి. కృతం 4,000 దివ్యవర్షాలు (ఒక్కోటి మన 360 ఏళ్ళు), ముందు 400, వెనక 400. అంటే మొత్తంలో పన్నెండో వంతు, పదో వంతు కాదు. ఇక్కడే అందరూ జారతారు. కృతానికి అటూ ఇటూ 12 డిగ్రీలు, త్రేతకి 9, ద్వాపరానికి 6, కలికి 3.

బ్రాడీపేట 4/7: అంత ధీమాగా తప్పనేశారు, ఆర్యభటుడు యుగపాదాలు నాలుగూ సమానమే అన్నాడు కదండీ! ఒక్కోటి 10,80,000. మీ చిత్రకారుడికి తెలీకపోయినా ఆయన వెనక ఆర్యభటుడున్నాడు.

బెజవాడ లెక్కలు: ఆ మాటకే బ్రహ్మగుప్తుడు స్మృతివిరుద్ధమని తప్పుపట్టాడు. ఆర్యభటుడిది గ్రహగణితం కోసం చేసుకున్న విభజన. గుడిలో సంకల్పం ఆ లెక్కన చెప్పరు.

గాంధీనగరం: సంకల్పం అన్నారు కాబట్టి అడుగుతున్నా. 'కలియుగే ప్రథమపాదే' అంటే ధర్మదేవత మొదటి కాలి మీద నిలబడిందనేగా? భాగవతంలో తపస్సు, శౌచం, దయ, సత్యం అని వరస. అంచేత కలి ఎద్దుకి తపస్సు కాలు వేయాలి.

బెజవాడ లెక్కలు: అక్కడ పాదం అంటే కాలు కాదండీ, నాలుగో వంతు. కలిలో మొదటి 1,08,000 ఏళ్ళు. ఎద్దుకి మిగిలింది సత్యం కాలు.

గాంధీనగరం: పాదం అంటే కాలు కాదా? ఏ నిఘంటువులో?

కొండమెట్టు: కాలు సంగతి సరే, రంగులు చూసుకోండి. తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు భారతం అరణ్యపర్వం వరస. భాగవతం ఏకాదశ స్కంధంలో ద్వాపరానికి శ్యామవర్ణం. అది పట్టుకుంటే పక్కనే నల్లటి కలి, దూరం నుంచి రెండూ కలిసిపోతాయి. పసుపే వేయండి.

బ్రాడీపేట 4/7: అసలు మనం కలిలో ఉన్నామనే ఎందుకు? యోగానంద గురువు యుక్తేశ్వర్ గిరి 1894లోనే చెప్పారు, కలి 1,200 ఏళ్ళే, చక్రం దిగి మళ్ళీ ఎక్కుతుంది, మొత్తం 24,000. ఇప్పుడు ఎక్కే ద్వాపరంలో ఉన్నాం. పోయినసారి ఈ మాటంటే ఇక్కడే నన్ను నాస్తికుడన్నారు.

బెజవాడ లెక్కలు: నాస్తికుడని నేననలేదు. కానీ పురాణంలో ఎక్కడం లేదు స్వామీ! నాలుగు, మూడు, రెండు, ఒకటి, మళ్ళీ ఒక్కసారిగా నాలుగు. పాచికల పందేలకీ ఇవే పేర్లు, కృతం నాలుగు, కలి ఒకటి. శకసంవత్సరానికి 3,179 కలపండి, గతకలి, అంటే కలిలో గడిచిన ఏళ్ళు వస్తాయి. పరాభవకి 1948 కనక 5,127. మీ ఆరడుగుల చక్రంలో అది పావంగుళం పైన కాస్త. ఇంకా కలి సంధ్యలోనే ఉన్నాం, సంధ్యే 36,000 ఏళ్ళు.

బ్రాడీపేట 4/7: అంటే పిల్లలకి ఆ పావంగుళం చూపించి, ఇక 4,26,873 ఏళ్ళు దిగజారడమేరా అని చెప్తారన్నమాట. కృష్ణ పొంగి దుర్గమ్మ ముక్కుపుడక తాకుతుందని భయపెట్టింది చాలక, ఇదొకటి. మీకు లెక్క ముఖ్యం, వినేవాడు ఏమైపోయినా ఫర్వాలేదు.

బెజవాడ లెక్కలు: వినేవాడికి నచ్చాలని అంకెలు మార్చమంటారా? అలాగైతే పంచాంగం ఎందుకు, వారఫలాలు చదువుకోండి.

కొండమెట్టు: ఇద్దరూ ఆగండి. గొడవ భాగాల మీద కాదని ఇప్పుడు తేలింది. కలి అంటే శిక్షా, కాదా అన్నది మీ తగువు. ఉన్నది మంగళగిరిలో, కొండ కేసి చూడండి. పానకాలస్వామి కృతయుగంలో అమృతం పుచ్చుకున్నాడు, త్రేతలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలిలో పానకం. బెల్లం, నీళ్ళు, మిరియాలు, యాలకులు. అందులోనూ సగమే పుచ్చుకుని మిగతా సగం ప్రసాదంగా ఇచ్చేస్తాడు. అడిగేది తగ్గుతోందే గానీ, ఆయన దూరం జరగలేదు. విష్ణుపురాణంలో వ్యాసుడు మునులతో కలి మంచిదే అంటాడు. కృతంలో పదేళ్ళకి దక్కే ఫలం త్రేతలో ఏడాదికి, ద్వాపరంలో నెలకి, కలిలో ఒక్క రోజుకి దక్కుతుందట. లెక్కలవారి అంకెలూ మార్చక్కర్లేదు, పిల్లల్నీ బెదరగొట్టక్కర్లేదు. 4:3:2:1 లోనే ఒక్కో భాగంలో ఎద్దు పక్కన గిన్నె వేయించండి.

బ్రాడీపేట 4/7: గిన్నె బాగుంది. ఎక్కే యుగం మాట మాత్రం వెనక్కి తీసుకోను.

బెజవాడ లెక్కలు: కలి భాగం అంచు దగ్గర 22¼ అంగుళాలే ఉంటుంది, లోపలికి ఇంకా ఇరుకు. ఎద్దుని అంచుకి జరిపి, గిన్నె చిన్నది పెట్టమనండి.

మండపం గోడ (మంగళగిరి): అలాగే. పానకానికి ఇత్తడి బిందె వేయిస్తాను. కలి ఎద్దుని ఒంటికాలి మీద ఎలా నిలబెట్టాలని చిత్రకారుడు అడుగుతున్నాడు.

కొండమెట్టు: నాలుగు కాళ్ళూ వేయాలి. మూడు విరిగినట్టు మడిచి, ఒక్కటి నేలకి ఆనించాలి. కాళ్ళు ఎగరగొట్టేస్తే స్తంభానికి తల పెట్టినట్టుంటుంది.

గాంధీనగరం: ఆ ఆనించే కాలు ఏదో తేలనేలేదు. 'ప్రథమపాదే' అని సంస్కృతంలో అంత స్పష్టంగా ఉంటే...