చార్లీ ప్రైడ్ తన బేస్‌బాల్ రోజుల గురించి మాట్లాడిన ఇంటర్వ్యూలు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికా కంట్రీ సంగీతం బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి.

నేను ఊళ్ళో పిల్లలకు క్రికెట్ నేర్పిస్తాను. జిల్లా సెలక్షన్‌లో పేరు రాకపోతే కొందరు బాగా కుంగిపోతున్నారు, ఇంట్లోవాళ్ళకూ టెన్షనే. వాళ్ళకు కంట్రీ గాయకుడు చార్లీ ప్రైడ్ మాటలు ఆయన గొంతులోనే వినిపించాలని ఉంది. మిసిసిపీ పత్తి చేలల్లో పెరిగిన ఆ నల్లజాతి కుర్రాడు మొదట కోరుకున్నది బేస్‌బాల్‌నే. నల్లజాతి ఆటగాళ్ళ జట్టు మెంఫిస్ రెడ్ సాక్స్‌కు పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) ఆడారు. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో మాత్రం చోటు దొరకలేదు. మోంటానాలో లోహం కరిగించే ఫ్యాక్టరీలో పనిచేస్తూ, అక్కడి జట్టుకు ఆడుతూ, పాటలు పాడుతూ గడిపారు. 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆయనకు ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్ అవార్డు ఇచ్చింది. 2010లో టెక్సాస్ రేంజర్స్ అనే మేజర్ లీగ్ జట్టు యజమానుల్లో ఒకరయ్యారు కూడా! 2020లో కోవిడ్‌తో పోయారు.

1994లో ఆత్మకథ వచ్చిందని తెలుసు, కానీ పిల్లలకు ఇంగ్లిష్ పుస్తకం ఇచ్చి లాభం లేదు. ఆట వదులుకున్నప్పుడు ఏమనిపించిందో ఆయన నిదానంగా చెప్పిన వీడియో గానీ ఆడియో గానీ కావాలి. అవార్డు ఫంక్షన్ ప్రసంగాలు వద్దు. సబ్‌టైటిల్స్ ఉంటే మరీ మంచిది, తెలుగులో చెప్పడం నేను చూసుకుంటాను. ఇలాగే ఆట నుంచి పాటకు వచ్చి, ఆ సంగతి దాచకుండా మాట్లాడినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళ పేర్లూ చెప్పండి. లింకులు పెడితే రుణపడి ఉంటాను.