సమస్యాపూరణం: వర్ణములు తరుగగ జ్వరము తగ్గె

పృచ్ఛకుడు: ఈసారి ఆటవెలది. నాలుగో పాదం పైన ఇచ్చాను. మాయామంత్రాల కథలకు అన్వయించి పూరించండి.

అల్పజ్ఞ: యతి ఎక్కడుందండీ? పైగా ‘తరుగగ’లోని చివరి గకారం ‘జ్వ’ ముందు గురువు కాదా?

పృచ్ఛకుడు: ‘జ్వ’లోని వకారంతో యతి చెల్లింది. ‘తరుగగ’ తెలుగు మాట, ‘జ్వరము’తో సమాసం కాదు, కాబట్టి గకారం లఘువే.

పద్యప్రియ:
అడ్డు వరుసలందు నబ్రకదబ్రను
తోకనుండి యొకటి తుంచి తుంచి
వ్రాసి మెడకు గట్టి రాత్రులు గడపిన
వర్ణములు తరుగగ జ్వరము తగ్గె

ఇది రోమన్ రచయిత సెరెనస్ సమ్మోనికస్ చెప్పిన చికిత్స. ‘అబ్రకదబ్ర’ అనే మంత్రాన్ని వరుసకో అక్షరం తగ్గిస్తూ ఒక్కటే మిగిలేదాకా రాసి మెడకు కట్టాలి. మాట అరిగినట్టే జ్వరమూ అరగాలని. ఆయన వైద్యగ్రంథమూ పద్యాల్లోనే ఉంది!

అల్పజ్ఞ: లాటిన్ లిపిలో 11 అక్షరాలు, 11 వరుసలు. తెలుగులో రాస్తే అయిదే. మనకు సగం జ్వరమే తగ్గుతుంది.

పృచ్ఛకుడు: రెండో పాదం చదువుతుంటే త్రికోణం కళ్లకు కట్టింది. కానీ ‘గడపిన’ అంటే ‘గడిపితే’. ‘తగ్గె’ జరిగిపోయిన పని. ‘గడుపగ’ అంటే గణమూ చెడదు, అర్థమూ అతుకుతుంది. రోము ఊసు పద్యంలో లేకపోవడం మాత్రం లోటే.

కలంపోటు:
నవల వ్రాయువాడు నాలుక తిరుగని
మంత్రములను వ్రాసి మంచమెక్కె
కరుణగల సఖుండు కత్తిరించి యొసగ
వర్ణములు తరుగగ జ్వరము తగ్గె

పృచ్ఛకుడు: ‘మంచమెక్కె’ దగ్గర నవ్వు ఆగలేదు. ముందు పాదంలో చెప్పకుండానే జ్వరానికి చోటు దొరికింది. ఈ పూరణకే నా ఓటు. కత్తి మీదికి వస్తుంటే పన్నెండక్షరాల మంత్రం ఎవరు చదువుతారు? హ్యారీ పాటర్ నవలల్లోని ‘ఆకియో’ చూడండి, ‘రప్పిస్తున్నాను’ అనే అసలు సిసలు లాటిన్ క్రియ. ‘లూమోస్’ అలా కాదు. వెలుగు అనే అర్థమున్న ‘లూమెన్’కు కొత్త తోక తగిలించారు. అయినా చెవికి అచ్చం లాటిన్‌లాగే ఉంటుంది.

పద్యప్రియ: ‘గడుపగ’ దిద్దుకున్నాను. ‘సఖుండు’ కాస్త గణం కోసం వచ్చినట్టుంది సుమా.

కలంపోటు: దొరికిపోయాను.

అల్పజ్ఞ: ‘గ్లామర్’ అసలు అర్థం మంత్రశక్తి. వ్యాకరణమనే ‘గ్రామర్’ స్కాట్లాండ్ నోట పడి అలా మారింది. చదువొచ్చినవాడికి మంత్రాలూ వచ్చని జనం నమ్మిన రోజులవి. అందుకే వచ్చేసారికి నాదొక పాదం:

వ్యాకరణము చదివి వశము జేసె