మూడున్నరేండ్ల పోరన్ని ఎల్‌కేజీల ఏయాల్నా, అంగన్‌వాడీకి పంపాల్నా?

నాగర్‌కర్నూల్_అమ్మ:
జూన్‌కి మా బాబుకు మూడున్నర నిండుతయి. మా ఆయన ప్రైవేట్ల ఎల్‌కేజీ అంటడు, మా అత్తమ్మ సందులనే అంగన్‌వాడీ ఉన్నది గదా అంటది. అంగన్‌వాడీల నిజంగ ఏమన్న నేర్పుతరా, గుడ్డు పెట్టి పంపుడేనా? మధ్యాహ్నం పండకుంటే ఏడుస్తడు, బడిల పండనిస్తరా? ఇంకోటి, పక్కింటి పాప వానను పొమ్మనే ఇంగ్లీష్ రైమ్ గడగడ చెప్తది, మావోడు నోరే తెర్వడు. ఎనకబడ్డట్టేనా?

పాలమూరోడు78:
వానను పొమ్మనే రైమా! అక్కా, మా తాత ఉంటే కర్ర పట్కుంటుండె. మేం చిన్నప్పుడు మొగులు దిక్కు చూసుకుంట, రోకలికి కప్పను కట్టి యాపమండలు చుట్టి వాన పడాలని ఇల్లిల్లు తిరిగి కప్పతల్లి ఆడినం, ఒక్కో ఇంట్ల చెంబెడు నీళ్లు పోసి దోసెడు జొన్నలు ఏసెటోళ్లు. వాన లేకనే మా అమ్మానాయిన పూణె పోయి మట్టి మోసిండ్రు, నేను అవ్వ కాడ పెరిగిన. గసొంటి ఊర్ల పోరగాండ్లతోని వానను పొమ్మనిపిస్తరా?

మిర్యాలగూడ_రైతు:
తమ్మీ, మేం సాగర్ ఎడమ కాల్వ కింద ఉన్నోళ్లం. యాసంగి కోతలప్పుడు మొగులైతే గుండె దడ. పోయినసారి కల్లంల వడ్లు తడిసి మొలకలొచ్చినయ్. మా మనుమరాలు గా రైమ్ చెప్తుంటే ఇంకోసారి చెప్పమన్న.

పాలమూరోడు78:
సాగర్ నీళ్లు తాగి మాట్లాడుతున్నవే. కృష్ణమ్మ తెలంగాణల అడుగువెట్టేదే మా తంగడి కాడ, మమ్ముల దాటినంకనే మీకొస్తది.

మిర్యాలగూడ_రైతు:
నీళ్ల పంచాయితీ తీసింది నువ్వు, నేను కాదు.

దేవరకొండ_టీచరమ్మ:
గుడ్డు పెట్టి పంపుడేనా అన్న కాడనే ఆగిపోయిన. అంగన్‌వాడీల 16 ఏండ్ల నుంచి చేస్తున్న. బరువులు తూసుడు, ఇంటింటి సర్వే, పోలియో చుక్కలు, ఫోన్ల ఫొటోలు, అన్నీ మేమే, మళ్ల ఆట, పాట, కథ కూడ మేమే. చాలామందికి ఇది గూడ తెల్వది, బాలామృతం పిండి మూడేండ్ల లోపోళ్లకు, మూడు నుంచి ఆరేండ్లోళ్లకు సెంటర్లనే అన్నం, గుడ్డు.
తండా నుంచి ఒక పాప వస్తుండె, లంబాడీ తప్ప తెలుగు రాదు, రెండు నెలలు నోరు ఇప్పలే. చింతగింజలు సీసాల ఏసుకుంట లెక్క పాట పాడుతం. ఒకరోజు కావాల్నని మూడు తర్వాత అయిదు అన్న. మూలకు కూసున్న గా పిల్ల లేసి "నాలుగూ" అని ఒర్రింది! నోరు తెర్వనోళ్లు ఇంటలేరనుకోకుండ్రి.

ప్రీస్కూల్_ఎక్స్‌పర్ట్:
ఈ ఫీల్డ్‌ల 20 ఏండ్ల అనుభవంతోని చెప్తున్న, మీకు బేసిక్స్ తెల్వయి. ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి 1907ల రోమ్‌ల పిల్లల ఇల్లు మొదలువెట్టింది, 1939ల మద్రాస్‌కొచ్చి టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చింది. 2020 విద్యా విధానం గూడ 3 నుంచి 8 ఏండ్ల దాక పునాది దశ అన్నది, ఒకటో తరగతికి ఆరు నిండాలె. మూడేండ్లకు పెన్సిల్ ఇచ్చుడే తప్పు. కప్పలు, వడ్లు బంద్ చేయుండ్రి.

గద్వాల_సుమ:
మీ దగ్గర ఫీజెంత సార్?

ప్రీస్కూల్_ఎక్స్‌పర్ట్:
మెసేజ్ చేయుండ్రి.

గద్వాల_సుమ:
అనుకున్న. నా పెద్ద బిడ్డను మూడేండ్లకే ప్రైవేట్ల ఏసి చేతులు కాల్చుకున్న, రోజూ రాత్రి ఏ నుంచి జెడ్ దాక నాలుగుసార్లు రాయాలె, పిల్ల ఏడ్సుకుంటనే నిద్రపోయేది, నేను కూడ కొట్టిన, ఇప్పుడు యాదొస్తే కడుపుల దేవుతది. చిన్నదాన్ని ఏడ ఏయలే. మా అవ్వ జొన్నరొట్టెలు చేసేటప్పుడు ఉండంత పిండి దాని చేతిల వెడ్తది, అది తట్టి తట్టి ఆంధ్రా మ్యాపు లెక్క ఒక రొట్టె చేస్తది, సగం తింటది. గిప్పుడు ఐదేండ్లు, గుండీలు తనే పెట్టుకుంటది, బలపం పట్టుడు ఎవ్వరు నేర్పలే.

పాలమూరోడు78:
ఆంధ్రా మ్యాపు ఎందుకు, తెలంగాణ మ్యాపు చేయమనుండ్రి.

నాగర్‌కర్నూల్_అమ్మ:
టీచరమ్మా, గుడ్డు మాటకు ఏమనుకోకుండ్రి. రేపు సెంటర్‌కు పోయి ఒక పూట కూసుంట. కని నిద్ర సంగతి ఎవ్వరు చెప్పకపోతిరి.

దేవరకొండ_టీచరమ్మ:
మా కాడైతే తిన్నంక చాపలేసి పండవెడ్తం. ఫ్యాన్ తిర్గుతదా లేదా చూసుకొని పంపుండ్రి, మాది రెండేండ్ల నుంచి తిర్గుతలేదు.

మిర్యాలగూడ_రైతు:
తమ్మీ, మరి గా కప్పను ఇడ్సిపెట్టెటోళ్లా?

పాలమూరోడు78:
ఇడ్సిపెడ్తుండె అన్నా. అవ్వ ఊకునేది కాదు.