రోజుకు 250 రూపాయలు, ఇంట్లో అయిదుగురు: బలమైన తిండి పెట్టేదెట్లా?

పాతూరు కోడలు (అనంతపురం):

మాది అనంతపురం పాతూరు. ఇంట్లో మా ఆయన, నేను, అత్తమ్మ, 8వ తరగతి కొడుకు, 5వ తరగతి కూతురు. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు. డీజిల్, బండి కంతు పోను సాయంత్రం ఇంటిఖర్చుకని 250 చేతిలో పెడతాడు. బాడుగలు లేని రోజు 150 కూడా ఇస్తాడు, అడిగి లాభం లేదు.

ఆ 250 ఎట్లా పోతోందో రాస్తా. పాల ప్యాకెట్లు రెండు, 60. కూరగాయలు 70. కందిబేడలు పావు కేజీ 35. నూనె చిన్న ప్యాకెట్ రెండు రోజులకొకటి, అంటే రోజుకు 20. పిల్లలు బడి నుంచి రాగానే చిప్స్, కుర్కురేలకు 30. టీపొడి, చక్కెర 20. చింతపండు, కారం, తెల్లగడ్డలు అనుకుంటూ ఇంకో 15. అయిపోయింది. బియ్యం రేషన్‌వే. అవి 20వ తారీకు దాటితే ఉండవు, తర్వాత బయట కొంటా, ఆ పది రోజులు నాకు టెన్షనే.

ఇంత పెట్టినా తినేది ఏంటంటే అన్నం, చారు, పల్చటి పప్పు. మొన్న బడిలో పిల్లకు రక్తం పరీక్ష చేసి హిమోగ్లోబిన్ 9 ఉందని చెప్పి పంపించారు. అత్తమ్మకు షుగర్. ‘నెల సరుకులు ఒకేసారి తెచ్చుకో, కలిసొస్తుంది’ అని అందరూ చెప్తారు. డబ్బు రోజుకింత వస్తుంటే నెల సరుకు ఎక్కడి నుంచి తెచ్చేది? ఆ సలహా తప్ప వేరేది చెప్పండి.

—

కళ్యాణదుర్గం కుర్రోడు:

అక్కా, అన్న బాడుగకు టౌన్‌లో తిరుగుతుంటే మధ్యాహ్నం అన్న క్యాంటీన్‌లో తినమను. పూట 5 రూపాయలే. బయట హోటల్ భోజనానికి పెట్టేది మిగిలితే ఇంటికే వస్తుంది కదా.

—

సి క్యాంపు మెస్ అక్క (కర్నూలు):

చెల్లెమ్మా, నేను కర్నూలు సి క్యాంపులో కోచింగ్ పిల్లలకు మెస్ నడుపుతున్నా. వాళ్లు నెల కట్టాల్సింది కూడా వాయిదాల్లోనే ఇస్తారు. కాబట్టి రోజు డబ్బుతో వంట నడపడం నాకు కొత్త కాదు.

నీ లెక్క చదివితే మొదట కనపడేది పాలు. 60 అంటే నీ బడ్జెట్లో నాలుగో వంతు. అందులో ఎక్కువ భాగం టీలోకే పోతుంటుందని నా అనుమానం. ఒక ప్యాకెట్ తగ్గించు. ఆ 30తో 4 గుడ్లు వస్తాయి. రెండో ప్యాకెట్‌లో టీకి కొంచెం తీసి మిగతాది తోడుపెట్టు. అత్తమ్మ టీ మాత్రం ముట్టుకోవద్దు, ఇంట్లో గొడవ వద్దు.

తర్వాత బేడలు, నూనె. ఇవి పావుకిలో లెక్కన కొన్నంత కాలం నువ్వు అంగడాయన ఇంటికే సంపాదించి పెడుతున్నట్టు. నెల సరుకు తేలేవు, సరే. వారం సరుకు తేగలవు, కానీ అన్నీ ఒకే రోజు కాదు. రోజుకొక వస్తువు. సోమవారం వారానికి సరిపడా కందిబేడలు, కిలోంబావు. మంగళవారం నూనె. బుధవారం గుడ్లు. గురువారం శెనక్కాయ విత్తనాలు, ఉలవలు. శుక్రవారం రాగులు, జొన్నలు. శనివారం చింతపండు, మిరక్కాయలు. ఆదివారం ఏమీ కొనకుండా ఆ డబ్బు కూరకు. బేడలు తెచ్చిన రోజు నీ 250లో 160 దానికే పోతుంది, మిగిలిన 90లో పాలు, ఆకుకూర. మిగతావన్నీ అప్పటికే డబ్బాలో ఉంటాయి కాబట్టి జరిగిపోతుంది. మొదటి వారమే కష్టం. అందుకని ముందు తక్కువ ఖరీదువి, చింతపండు, ఉలవలు, వాటితో మొదలుపెట్టు. బేడలు, నూనె రెండో వారంలో చేర్చు. 150 ఇచ్చిన రోజు ఏ వస్తువూ కొనొద్దు, ఆ రోజు వంతు మర్నాటికి జరుపు.

ఇక తిండి. మన సీమలో చవకైనవే బలమైనవి. కందిబేడలు ఎంత బలమో ఉలవలూ అంతే, 100 గ్రాములకు 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, ధర చూస్తే సగం కొంచెం అటూ ఇటూ. శెనక్కాయ విత్తనాల్లో 25 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు. గుడ్డు మంచిదే, కానీ 7 రూపాయల గుడ్డుకూ 7 రూపాయల శెనక్కాయలకూ పోలిక పెడితే శెనక్కాయలదే పైచేయి. అనంతపురంలో ఉండి శెనక్కాయలు తినకపోతే ఎట్లా!

నేను చేసేది చెప్తా. శెనక్కాయ విత్తనాలు వేయించి, పచ్చిమిరపకాయలు, టమోటా, చింతపండు, తెల్లగడ్డ వేసి ఊరిబిండి నూరుతా. ఒక పూట అన్నంలోకి అదే కూర. మిగిలింది మరుసటి పొద్దున దోసెలకు. ఊరిబిండి ఉన్న పూట వేరే కూర చేయొద్దు. పక్కన ఇంకో కూర చేసి చట్నీని చట్నీలా వేలితో నాకించడం డబ్బు దండగ.

ఉలవలు రాత్రి నానబెట్టు. పొద్దున కుక్కర్‌లో ఎక్కువ నీళ్లు పోసి ఉడికించు. పైనీళ్లతో చారు, అడుగున గింజలకు ఎర్రగడ్డలు, ఎండుమిరప వేసి తాలింపు. ఒక్క గ్యాసు ఖర్చుతో రెండు వస్తాయి. సాయంత్రం పిల్లలకు ఆ గుగ్గిళ్లే పెట్టు. బొరుగుల్లో ఎర్రగడ్డ, శెనక్కాయలు, కొంచెం నిమ్మకాయ కలిపినా చాలు, ఉగ్గాని చేసినా చాలు. చిప్స్ మొత్తం ఆపేయమని చెప్పను, పిల్లలు దొంగతనంగా తింటారు. వారంలో ఒక రోజు ఇవ్వు.

కూరగాయలకు 70 తగ్గించొద్దు. అందరూ మొదట అక్కడే కోస్తారు, అదే నాకు నచ్చదు. కానీ వంకాయ, బెండకాయ రోజూ కొనే బదులు ఆకుకూరలకు ఎక్కువ పెట్టు. చిర్రాకు, పాలకూర, పుంటికూర, మునగాకు. మునగాకు నీ వీధిలోనే ఎవరింట్లోనో చెట్టు ఉంటుంది, అడిగితే ఇస్తారు. వానలు పడ్డాక పల్లెల నుంచి గురుగాకు, చెంచలాకు తెచ్చి అమ్ముతుంటారు, వదలొద్దు. మార్కెట్‌కు సాయంత్రం సర్దుకునే వేళకు పో. ఆకుకూరలు మర్నాటికి నిలవవు కాబట్టి తెగనమ్ముతారు.

టమోటా సంగతి వేరే. మా పత్తికొండ మార్కెట్లో కిలో రూపాయికీ రెండు రూపాయలకూ పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోసి పోయిన రోజులు ఉన్నాయి. వాళ్ల కడుపు మంట వాళ్లది, కానీ ఆ ధర ఉన్నప్పుడు ఒక బుట్ట కొని, కోసి, ఉప్పు చల్లి మిద్దె మీద ఎండబెడితే ఒరుగులు అవుతాయి. టమోటా 60, 80 అయిన నెలల్లో పప్పులోకి ఆ ఒరుగులే. మటిక్కాయలు (గోరుచిక్కుడు) కూడా అట్లాగే ఎండబెట్టొచ్చు. అనంతపురం ఎండ ఊరికే వస్తోంది కదా.

రేషన్ బియ్యం అన్నానికి ఇష్టపడకపోతే దోసెలకు, సంగటికి వాడు. దోసెలకైతే మూడు వంతులు బియ్యం, ఒక వంతు ఉద్దిబేడలు, చిటికెడు మెంతులు. రాత్రి సంగటి చేస్తే బియ్యం సగం పడతాయి, 20వ తారీకు గండం కొంచెం వెనక్కి జరుగుతుంది.

—

ప్రొద్దుటూరు కిరాణా:

అమ్మా, అంగడాయన ఇంటికి సంపాదించి పెడుతున్నట్టు అని అక్క అన్నారు, నేను ఆ అంగడాయన్నే. తప్పేమీ అనలేదు. చిన్న ప్యాకెట్‌లో మాకు మిగిలేది చిన్నదే, కంపెనీకి మిగిలేది ఎక్కువ.

నూనె కొనేటప్పుడు కవరు మీద లీటరా, గ్రాములా చూడండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. 850, 870 గ్రాముల ప్యాకెట్లు కూడా చూడటానికి అంతే ఉంటాయి, ‘10 రూపాయలు తక్కువ’ అని జనం అవే ఎత్తుకుపోతారు. కవరు మీద ధర పక్కనే చిన్న అక్షరాల్లో గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత అని వేయాలనే నిబంధన ఉంది. ఒకే కొలతలో ఉన్న రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి ఆ అంకె చూడండి, ఎవర్నీ అడగాల్సిన పని లేదు.

కందిబేడల్లో విరిగినవి విడిగా అడగండి. కిలోకు 15, 20 తక్కువకు ఇస్తాం. పప్పు మెత్తగా ఎనిపేసేదే కదా, విరిగితే ఏమి? తొందరగా ఉడుకుతాయి కూడా. గుడ్లు విడిగా కాకుండా అట్ట మొత్తం తీసుకుంటే గుడ్డుకు అర్ధరూపాయి అయినా తగ్గుతుంది. పక్కింటి వాళ్లతో కలిసి తీసుకోండి.

ఇంకొకటి, చెప్పకూడదు గానీ చెప్తున్నా. ఖాతా రాయించుకునే వాళ్లు ధర అడగరు. బాకీ ఉన్నాక వేరే అంగడికి పోలేరు. ఎంత చిన్నదైనా నగదు ఇచ్చి కొనండి.

—

ఏఎన్ఎం, కడప:

అందరూ తిండి గురించి చెప్పారు, నేను పిల్ల గురించి చెప్తా. ఆ వయసులో 9 అంటే తిండి మార్చి చూద్దాంలే అని ఊరుకునే స్థాయి కాదు. దగ్గర్లో ఉన్న పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి. ఐరన్ మందు ఉచితంగా ఇస్తారు, ఎంత మోతాదు, ఎన్నాళ్లు అనేది డాక్టరు చెప్తారు. బడిలో వారానికొకటి ఇచ్చే మాత్ర రక్తం తగ్గకుండా కాపాడటానికి, తగ్గిన రక్తానికి అది చాలదు. నులిపురుగుల మాత్ర వేసుకుందో లేదో కూడా అడగండి. పురుగులు ఉంటే ఎంత పెట్టినా ఒంటికి పట్టదు.

ఆకుకూర పప్పు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోమనండి, ఆకులో ఉండే ఐరన్ ఒంటికి పట్టడానికి నిమ్మలోని విటమిన్ సి సాయపడుతుంది. భోజనం కాగానే టీ మాత్రం వద్దు, గంటైనా ఆగాలి. మా కడపలో అన్నం తినగానే చిన్న పిల్లలకు కూడా టీ పోస్తారు, చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది. మాంసం తినే ఇల్లయితే చికెన్ కంటే కోడి కార్జం చవక, రక్తానికి అదే ఎక్కువ మేలు.

రేషన్ బియ్యంలో కొన్ని గింజలు వేరే రంగులో కనపడితే ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేసే వాళ్లను చాలామందిని చూశా. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. 100 కిలోలకు ఒక కిలో లెక్కన కలిపినవి. కడిగేటప్పుడు తేలినా పారేయొద్దు. గంజి వార్చొద్దు, నీళ్లు సరిపడా పోసి ఇమిరేలా వండండి.

పాలు తగ్గిస్తే ఎముకలకు ఎట్లా అని భయం వద్దు, రాగులు ఉన్నాయి. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, అదే 100 మిల్లీలీటర్ల పాలల్లో 120 దాకా. ఒక్క జాగ్రత్త, మీ అత్తగారికి ‘రాగి కదా, షుగర్ రాదు’ అని పెద్ద ముద్ద పెట్టకండి. సంగటికి కూడా షుగర్ పెరుగుతుంది. ముద్ద చిన్నది, పక్కన ఆకుకూర పప్పు పెద్ద గరిటె. జొన్నరొట్టె అయినా రెండు చాలు.

—

పాతూరు కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. పిల్లను సోమవారం ఆసుపత్రికి తీసుకుపోతా. అన్నం తిన్న వెంటనే టీ మా ఇంట్లో కూడా ఉంది, ఆయనకు చెప్పా, మూతి ముడుచుకున్నాడు.

మెస్ అక్కా, రోజుకొక వస్తువు అనేది నా బుర్రకు తట్టలేదు, ఇది చేయగలను. రెండు అనుమానాలు. పిల్లలు సంగటి గొంతు దిగదంటారు. అత్తమ్మేమో ఉలవలు వేడి, ఎండాకాలం వద్దు అంటుంది.

—

సి క్యాంపు మెస్ అక్క (కర్నూలు):

పిల్లలకు సంగటి పెట్టొద్దు. దోసెపిండిలో రాగిపిండి రెండు గరిటెలు కలుపు, లేకపోతే ఎర్రగడ్డ, పచ్చిమిరప సన్నగా తరిగి, వేయించిన శెనక్కాయలు కచ్చాపచ్చాగా దంచి వేసి రాగిరొట్టె తట్టు. మా మెస్‌లో కోస్తా పిల్లలు కూడా అడిగి వేయించుకుంటారు. పిండి కవర్లు కొనకు, రాగులు కొని మరపట్టించు.

అత్తమ్మ మాట కాదనకు. ఏప్రిల్, మే నెలల్లో ఉలవల బదులు అలసందలు, పెసలు వాడు, బలానికి లోటు రాదు. వానలు మొదలయ్యాక ఉలవలు తీసుకో. అప్పుడు కూడా చారు తాగాక మజ్జిగ ఉండేలా చూడు. కొనేటప్పుడు ఒక గుప్పెడు అరచేతిలో పోసుకుని చూడు, ఉలవల్లో రాళ్లు అదే రంగులో ఉంటాయి, ఏరడానికి కనపడవు. నానబెట్టే ముందు రెండు గిన్నెల్లో మార్చి మార్చి గాలించాలి. మీ అత్తమ్మకు గాలించడం వచ్చే ఉంటుంది, ఆమెతోనే చేయించు.