‘తల్లికోడి తొక్కితే పిల్ల చస్తుందా’ అంటే కొట్టమని అర్థమా?

ఈ చర్చలో పైన ఒకాయన ఈ సామెతకు ‘అమ్మానాన్నలు కొట్టినా పిల్లలకు ఏమీ కాదు’ అని అర్థం రాస్తే, కింద చాలామంది అవునవునన్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. మాది అనంతపురం దగ్గర పల్లె. మా ఇంట్లో ఎప్పుడూ ఒక పిల్లలకోడి తిరుగుతుండేది, ఇప్పుడు మా వదిన నాటుకోడి పిల్లల్ని అట్టపెట్టెలో బల్బు పెట్టి పెంచుతోంది, రెండూ దగ్గరగా చూసినవాడిగా చెబుతున్నా. సామెతలో ఉన్న మాట తొక్కడం. కొట్టడం మనం కలుపుకున్నాం.

పిల్లలకోడి దిబ్బ మీద గీరేటప్పుడు ఒకసారి నిలబడి చూడండి. కాలితో మట్టిని వెనక్కి తన్ని, ఒకడుగు వెనక్కి వేసి, ఏం బయటపడిందో వంగి చూస్తుంది. పురుగు దొరికేది అక్కడే కాబట్టి పిల్లలన్నీ ఆ కాళ్ల కిందికే దూరుతాయి. పాదం కింద మెత్తగా తగిలిందంటే కోడి బరువు మోపకుండా కాలెత్తేస్తుంది, పిల్ల దొర్లి లేచి మళ్లీ అక్కడికే వస్తుంది. అంటే తొక్కుడు పడేది మేత దొరికే చోట, తల్లి పనిలో ఉన్నప్పుడు. దండించడానికే పోలిక కావాలంటే పొడవడం ఉంది కదా, పిల్లలు కాస్త పెద్దవయ్యాక అదే కోడి వాటిని పొడిచి తరుముతుంది. సామెత చెప్పినవాళ్లు దాని జోలికి పోలేదు.

కర్నూలు అక్క అడిగినదానికి వస్తే: ‘తల్లి’ తీసేసి ‘కోడి తొక్కితే పిల్ల చస్తుందా’ అంటే తప్పేముంది అన్నారు. మా ఇంట్లోనూ అలాగే అంటారక్కా, వాడుకలో తప్పేం లేదు. కానీ మా వదిన బల్బు పెట్టెను, అదే బ్రూడర్‌ను, చూశాక ఆ ‘తల్లి’ అక్కడ ఉండాల్సిందే అనిపిస్తోంది, ఎందుకంటే తల్లి లేని చోట పిల్ల నిజంగానే తొక్కుడుకు చస్తుంది. తొక్కేది తోటి పిల్లలే. రాత్రి కరెంటు పోయి బల్బు ఆరిందనుకోండి, పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, వెచ్చదనం కోసమే ఎక్కుతాయి పాపం, తెల్లారేసరికి అడుగున ఉన్నవి ఊపిరాడక పోయి ఉంటాయి. అందుకే పెట్టె మూలల్లో అట్టముక్కలు వంచిపెట్టి గుండ్రంగా చేయమంటారు. కరెంటు పోతే సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి మధ్యలో పెట్టినా కాసేపు ఆగుతాయి.

తల్లి రెక్కల కింద ఉండే వేడి మనం బల్బుతో ఇవ్వాలి. మొదటి వారం పిల్లలుండే ఎత్తులో సుమారు 35 డిగ్రీలు, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కిందే ముద్దగా చేరి కీచుకీచుమంటుంటే చలి, గోడల వైపు పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ, అన్నీ ఒకే పక్కకు ఒరిగితే రెండో పక్క నుంచి గాలి తగులుతోందని. పెట్టెంతా సమంగా పరుచుకుని నిద్రపోతుంటే సరిపోయినట్టే. మన వైపు మేలో ఎండలకు పగలు బల్బే అక్కర్లేకపోవచ్చు, డిసెంబర్‌లో తెల్లవారుజామున మాత్రం ఏమరకూడదు.

కడప నుంచి రాసిన తమ్ముడికి: మీ ఊళ్లో పిల్ల ఏ జబ్బుతో ఉన్నా ‘తెగులు తగిలింది’ అంటారన్నావు, మా దగ్గరా అంతే. మాట మంచిదే, పంటకూ కోడికీ రెండిటికీ సరిపోతుంది. కానీ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతే పిల్లకు ఏం చేయాలో తెలియదు. రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని, గుంపుకు దూరంగా తూగుతున్న పిల్లను ముందు వేరుచేసి వెచ్చగా పెట్టాలి, చల్లబడ్డ పిల్లకు వెంటనే మేత పెట్టినా అరగదు. వేడెక్కాక గోరువెచ్చని బెల్లం నీళ్లు ముక్కు పక్కన ఒక్కో చుక్క అంటిస్తే అదే చప్పరిస్తుంది, నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వెనక రెట్ట ఎండి అతుక్కుని దారి మూసుకుపోయిందేమో కూడా చూడు. అలా ఉంటే ఎండిన ముక్కను లాగొద్దు, చర్మం ఊడొస్తుంది. మా వదిన గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదిని దాని మీద కాసేపు ఆనించి ఉంచి, నానాక మెల్లగా తుడిచి, గుడ్డతో ఆరబెట్టి గానీ పెట్టెలో వదలదు. తడి ఒంటితో వదిలితే మళ్లీ చలి పట్టుకుంటుంది.

మూడో వారం దాటాక రెట్టలో రక్తం కనిపిస్తే అది రక్తపారుడు, కాక్సిడియోసిస్. తడి పరుపులో పెరుగుతుంది, దానికి మందుంది, ఆలస్యం చేయకుండా పశువుల ఆసుపత్రిలో చూపించాలి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే కింద పరిచిన పొట్టుకు బూజు పట్టిందేమో చూడండి. మన దగ్గర చెనిక్కాయ పొట్టు పుష్కలంగా దొరుకుతుంది, అందరూ అదే పరుస్తారు, వానకు తడిసిన పొట్టు మాత్రం ఎండబెట్టినా వాడొద్దు. ఇక మెడ మెలితిరిగి, ఆకుపచ్చగా పారుతుంటే కొక్కెర తెగులని అనుమానించాలి, రాణిఖేత్ అనేది దాన్నే. అది వచ్చాక మందు లేదు. మొదటి వారంలోనే కంట్లోనో ముక్కులోనో చుక్క టీకా వేయించడమే దారి.

ఇంకొకరు ‘మా కోడి నిజంగానే తొక్కి రెండు పిల్లల్ని చంపింది, సామెత అబద్ధం’ అన్నారు. ఎక్కడ పెట్టారో చెప్పండి. ఇరుకు గంప కింద, గట్టి బండ మీద మూస్తే పిల్లకు తప్పుకునే చోటుండదు, కింద మట్టిలా అణిగేదీ ఏమీ ఉండదు. సామెత వాకిట్లో తిరిగే కోడిని చూసి పుట్టింది. గంప పెద్దది చూసి, కింద ఊకో ఇసుకో మందంగా పరిచి, పగలు కాసేపు వదలండి.